మూలనున్న బల్ల

మా డయాలసిస్ సెంటర్లో నా బల్ల ఒక మూలన ఉంటుంది. ఒకపక్క పేషెంట్ల బరువు చూసే మిషను, ఇంకోపక్క చలికోట్లు తగిలించే కొక్కేలు. తలుపు లేదు, తెర ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎవరి గొంతైనా పూడుకుపోతే లేచి ఆ తెర లాగుతాను. న్యూజెర్సీలో నా పదిహేడేళ్ళ ఉద్యోగం ఆ మూలనే గడిచింది. అవతల వరసగా కుర్చీలు, కుర్చీకో మిషను. వారానికి మూడుసార్లు, పూటకి నాలుగేసి గంటలు మనిషి రక్తం బయటికొచ్చి శుభ్రపడి లోపలికి వెళ్తూ ఉంటుంది. ఆ రక్తం సంగతి నర్సులు చూసుకుంటారు. ఆ మనిషి పొద్దున్నే ఎలా వచ్చాడు, ఎవరు దింపారు, ఇంటికెళ్ళి ఏం తింటాడు, ఉద్యోగం ఉందా పోయిందా, అసలు రావడమే మానేద్దామనుకుంటున్నాడా, ఇవి నేను చూసుకోవాలి.

ఆసుపత్రిలో సోషల్ వర్కర్‌కి మూలన బల్ల వేయడం నాతో మొదలైంది కాదు. 1905లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో రిచర్డ్ కాబట్ అనే డాక్టరు ఓపీలో కూర్చుని ఒక సంగతి గమనించాడు. మందు రాసిస్తున్నాడు, మంచి తిండి తినమంటున్నాడు, విశ్రాంతి తీసుకోమంటున్నాడు. ఎదురుగా ఉన్న మనిషికి తిండీ లేదు, విశ్రాంతీ లేదు, అది చెప్పుకునే చోటూ లేదు. గార్నెట్ పెల్టన్ అనే నర్సుని పెట్టి, నడవాలో ఓ మూల బల్ల వేయించి, పేషెంట్ల ఇంటి సంగతులు కనుక్కోమన్నాడు. ఆసుపత్రి ఆమెకి జీతం ఇవ్వలేదు, కాబట్ తన జేబులోంచి ఇచ్చాడు. కొన్నాళ్ళకే పెల్టన్‌కి క్షయ వచ్చి పని మానుకోవలసి వచ్చింది. 1906లో ఐడా కేనన్ ఆ బల్ల దగ్గరికొచ్చింది. 1945 దాకా అక్కడే పనిచేసింది. 1913లో ఆసుపత్రుల్లో సోషల్ వర్క్ గురించి పుస్తకం రాసింది. పేషెంట్ల మధ్య నిలబడి నేర్చుకున్నదంతా అందులో పెట్టింది.

ఈ చరిత్ర నేను సరదాకి చదవలేదు. 2019లో డీఎస్‌డబ్ల్యూకి, అంటే డాక్టర్ ఆఫ్ సోషల్ వర్క్ కోర్సుకి, మొదటిసారి అప్లికేషన్ పెట్టాను. సీటు రాలేదు. ఆ స్కూలు పేరు చెప్పను. ఫోను చేసి కారణం అడిగితే ఒకావిడ ఓపిగ్గానే చెప్పింది. నా పర్సనల్ స్టేట్‌మెంట్ చదువుతుంటే కేసు నోట్సు చదువుతున్నట్టుందట, అందులో పరిశోధన ప్రశ్న కనపడలేదట. ఫోను పెట్టేశాక చాలాసేపు వంటింట్లో నిలబడిపోయాను. ఇరవయ్యేళ్ళుగా నేను రాసింది కేసు నోట్సే. నాకు తెలిసిందంతా వాటిలోనే ఉంది. అది చదువు కాకపోతే ఏది చదువు అనే పట్టుదలతో లైబ్రరీకి వెళ్ళడం మొదలుపెట్టాను. ఆ ఏడాది చదివిన చదువే ఈ వ్యాసం.

మా నాన్నకీ ఇదే సందేహం ఉండేది. మాది ఉద్దానం, కవిటి మండలం. కొబ్బరి తోటలు, జీడిమామిడి, పనస. విశాఖలో ఎమ్మెస్‌డబ్ల్యూలో, అంటే సోషల్ వర్క్ మాస్టర్స్‌లో, చేరతానన్నప్పుడు ఆయన అడిగింది ఒకటే: "సంఘసేవకి చదువెందుకమ్మా? మనసుండాలి గానీ." తెలుగువాళ్ళకి సంఘసేవ అంటే పెద్దవాళ్ళు, మంచివాళ్ళు జీతం లేకుండా చేసేది. 1881 డిసెంబరులో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించిన వీరేశలింగం పంతులుగారిది సంఘసేవ. పదిహేనేళ్ళు నిండకుండానే ఆడపిల్లలకి హిందీ నేర్పిన దుర్గాబాయిది సంఘసేవ. ఆవిడే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలయ్యారు. ఆ బోర్డు పథకాల కింద గ్రామసేవికలు ఊళ్ళకి వెళ్ళారు. వాళ్ళకి శిక్షణా ఉంది, జీతమూ ఉంది. అయినా సేవకి జీతమేమిటన్న మాట మన ఇళ్ళలోంచి పోలేదు.

అమెరికాలోనూ సరిగ్గా ఇలాగే మొదలైంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఊరూరా ధర్మసంఘాలు ఉండేవి. ఉన్న ఇళ్ళ ఆడవాళ్ళు లేని ఇళ్ళకి వెళ్ళి మంచీ చెడూ చెప్పొచ్చేవాళ్ళు. వాళ్ళని ఫ్రెండ్లీ విజిటర్లు అనేవారు. 1889లో బాల్టిమోర్‌లోని అలాంటి సంఘంలో మేరీ రిచ్‌మండ్ అనే అమ్మాయి లెక్కలు చూసే ఉద్యోగంలో చేరింది. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోయారు, అమ్మమ్మ దగ్గర పెరిగింది, హైస్కూలుతో చదువు ఆగింది. లెక్కలు చూస్తూనే విజిటర్లతో ఇళ్ళకి వెళ్ళేది. ఒకే సంసారానికి ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకొకటి చెప్పొస్తున్నారనీ, ఎవరూ ఏదీ రాసిపెట్టడం లేదనీ చూసింది. 1897లో టొరంటోలో జరిగిన ధర్మసంఘాల మహాసభలో ఈ పనికి బడి కావాలని అడిగింది. మరుసటేడు న్యూయార్క్‌లో ఆరు వారాల వేసవి తరగతి పెట్టారు. 1904కల్లా అది ఏడాది కోర్సయింది. ఇవాళ కొలంబియా యూనివర్సిటీలో ఉన్న సోషల్ వర్క్ స్కూలు ఆ వేసవి తరగతి పెరిగి పెద్దదైందే.

తర్వాత 1915. సోషల్ వర్క్ చదివినవాళ్ళెవరూ మర్చిపోని ఏడాది. వైద్య విద్య మీద 1910లో నివేదిక రాసి అమెరికాలో ఎన్నో మెడికల్ కాలేజీలు మూతపడడానికి కారణమైన ఏబ్రహాం ఫ్లెక్స్‌నర్‌ని, ఆ ఏడాది బాల్టిమోర్‌లో జరిగిన అదే మహాసభకి పిలిచారు. సోషల్ వర్క్ ఒక ప్రొఫెషనా అని ఆయన అడిగి, కాదని తానే తేల్చాడు. డాక్టరుకీ లాయరుకీ తమదైన విద్య ఉంది, మీరు మాత్రం కష్టంలో ఉన్నవాణ్ణి సరైన నిపుణుడి దగ్గరికి చేర్చే మధ్యవర్తులు, మరొకరికి నేర్పగలిగే విద్య మీ దగ్గర ఏముంది అన్నది ఆయన వాదన. మా నాన్న మాటకి దగ్గరి చుట్టమే అది. అయితే మా నాన్న మనసు చాలన్నాడు, ఫ్లెక్స్‌నర్ మనసు చాలదన్నాడు. ఇద్దరికీ కనపడనిది ఒకటే, ఆ రెంటి మధ్యనున్న పనితనం.

రెండేళ్ళకి, 1917లో, రిచ్‌మండ్ 'సోషల్ డయాగ్నోసిస్' వచ్చింది. ఏళ్ళ తరబడి కేసు రికార్డులు చదివి రాసిన లావుపాటి పుస్తకం. ఒక మనిషి కష్టాన్ని అర్థం చేసుకోవాలంటే ఎవర్ని అడగాలి, ఏ క్రమంలో అడగాలి, చుట్టం చెప్పినదాన్ని ఎంత నమ్మాలి, ఇంటి యజమాని చెప్పినదాన్ని ఎంత నమ్మాలి, మొదటిసారి ఇంటికెళ్ళినప్పుడు ఏ ప్రశ్న అడక్కూడదు, అన్నీ అందులో ఉన్నాయి. కాలేజీ గడప తొక్కని మనిషి రాసింది ఆ పుస్తకం. 1921లో స్మిత్ కాలేజీ ఆమెకి గౌరవ ఎమ్మే ఇచ్చింది. నేను ఆ పుస్తకం పట్టుకుని కూర్చున్న రోజున, ఫోన్లో ఆ స్కూలావిడ అన్న మాట గుర్తొచ్చింది. కేసు నోట్సులాగే ఉంది. అవును, ఇదీ కేసు నోట్సులాగే ఉంది.

డాక్టరేట్ల సంగతి అప్పటికే మొదలైంది. ఫిలడెల్ఫియా పక్కన బ్రిన్ మార్ అనే ఆడవాళ్ళ కాలేజీ 1915లోనే ఈ విషయానికి పైచదువుల శాఖ తెరిచి పీహెచ్‌డీ దాకా తీసుకెళ్ళింది. చికాగోలో 1920లో సోషల్ వర్క్ స్కూలు యూనివర్సిటీలో కలిసింది. ఈడిత్ అబ్బట్, సోఫనిస్బా బ్రెకిన్‌రిడ్జ్ అనే ఇద్దరు స్త్రీలు దాన్ని నిలబెట్టారు. బ్రెకిన్‌రిడ్జ్ రాజనీతిశాస్త్రంలో పీహెచ్‌డీ, ఆపైన లా. అబ్బట్ 1924లో ఆ స్కూలుకి డీన్ అయింది. ఇద్దరూ కలిసి 1927లో ఒక పత్రిక పెట్టారు, ఇప్పటికీ వస్తోంది. వాళ్ళు కోరుకున్నది పరిశోధన: చట్టాలు, గణాంకాలు, ప్రభుత్వ విధానాలు. అవసరమైన కోరికే. కానీ బల్ల దగ్గర కూర్చున్న మనిషికి ఆ చదువులో చోటు కొంచెమే.

డీఎస్‌డబ్ల్యూ అనే పట్టా రెండో ప్రపంచయుద్ధం తర్వాతి కాలంలో వ్యాపించింది. ఎందుకొచ్చిందో తెలిసినప్పుడు కొంచెం నిరాశపడ్డాను. పనిచేసేవాళ్ళ కోసం వచ్చి ఉంటుందని ఊహించుకున్నాను. అసలు కారణాల్లో ముఖ్యమైనది యూనివర్సిటీ లోపలి అధికారం. చాలాచోట్ల పీహెచ్‌డీ ఇచ్చే హక్కు ఆర్ట్స్, సైన్స్ విభాగాల చేతిలో ఉండేది. సోషల్ వర్క్ స్కూళ్ళు సొంతంగా ఇవ్వగలిగింది వృత్తి డాక్టరేటే. దాంతో కొలంబియా, పెన్సిల్వేనియా, బర్క్‌లీ, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీల్లో డీఎస్‌డబ్ల్యూ నడిచింది. పేరు వేరే అయినా చదువు దాదాపు పీహెచ్‌డీయేనని పోల్చి చూసినవాళ్ళు రాశారు.

అయినా ఆ పట్టా పుచ్చుకున్నవాళ్ళు కొందరు పనిలోంచే విద్యని తీశారు. సదరన్ కాలిఫోర్నియాలో 1966లో డీఎస్‌డబ్ల్యూ చేసిన బార్బరా సాలమన్ పదేళ్ళకి నల్లజాతి సమాజాల్లో సాధికారత గురించి పుస్తకం రాసింది. ఇవాళ మన డ్వాక్రా మీటింగుల్లో కూడా వినిపించే ఆ సాధికారత అన్న మాట సోషల్ వర్క్‌లో వేళ్ళూనడానికి ఆమె పుస్తకం ఒక ముఖ్య కారణం. కొలంబియాలో డీఎస్‌డబ్ల్యూ చేసిన ఆన్ హార్ట్‌మన్ 1970లలో ఎకోమ్యాప్ అనే బొమ్మ తయారుచేసింది. నేను వారానికి నాలుగైదుసార్లు గీసే బొమ్మ అది. కాగితం మధ్యలో ఒక వృత్తం, అందులో ఇల్లు. చుట్టూ చిన్న వృత్తాలు: ఉద్యోగం, గుడి, చర్చి, ఆసుపత్రి, చుట్టాలు, బ్యాంకు. బలమైన బంధానికి దళసరి గీత, పలచబడ్డ బంధానికి చుక్కల గీత, గొడవలున్న చోట అడ్డకోతల గీత. బాణం గుర్తు ఎవరికి ఎవరు ఇస్తున్నారో చెప్తుంది. గుంటూరు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ మాస్టారికి ఆ బొమ్మ గీసి చూపిస్తే, ఎంతసేపో దానికేసి చూసి, "అమ్మా, బాణాలన్నీ నా వైపే వస్తున్నాయి, నా నుంచి ఒక్కటీ పోవడం లేదు" అన్నారు. మర్నాడు నుంచి మిషను మీద ఉన్నంతసేపూ పక్క కుర్చీ కుర్రాడికి లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. ఆ కుర్రాడు హైస్కూలు పరీక్షకి కూర్చోవాలి. తర్వాత వారం ఆ కాగితం మీద మాస్టారే పెన్నుతో ఒక బాణం గీశారు.

1970లు, 80ల్లో డీఎస్‌డబ్ల్యూలు ఒక్కొక్కటే పీహెచ్‌డీలుగా మారిపోయాయి. యూనివర్సిటీలో ఉద్యోగం పర్మనెంట్ కావాలన్నా, పరిశోధనకి కేంద్ర ప్రభుత్వ నిధులు రావాలన్నా పీహెచ్‌డీకే విలువ. ఎవరూ ఏ సభలోనూ తీర్మానం చేసి రద్దు చెయ్యలేదు. నలుగురు వదిలేస్తే అయిదోవాళ్ళూ వదిలేశారు. నాకు మా వైపు పడవలు గుర్తొస్తాయి. తీరంలో ఎవరూ కర్ర తెప్పలు మానమని చెప్పలేదు, ఫైబర్ పడవకి అప్పు దొరికింది, తెప్పకి దొరకలేదు. అంతే.

ఇదే కథ పక్క వృత్తుల్లో ఇంకోలా నడిచింది. టీచర్లకి హార్వర్డ్ 1920లోనే ఎడ్యుకేషన్ డాక్టరేట్ పెట్టింది, 2014లో దాన్ని ఆపి పీహెచ్‌డీకి మారింది. మానసిక వైద్యం చేసే సైకాలజిస్టులకి 1960ల చివర్లో ఇల్లినాయ్‌లో వేరే డాక్టరేట్ మొదలై నిలబడింది. 2004లో అమెరికన్ నర్సింగ్ కాలేజీల సంఘం పైస్థాయి నర్సులకి ప్రాక్టీసు డాక్టరేటే సరైన చదువని తీర్మానించింది. ఆసుపత్రి బల్ల చుట్టూ ఫార్మసిస్టు డాక్టరు, ఫిజియోథెరపిస్టు డాక్టరు, నర్సు డాక్టరు కూర్చుంటే సోషల్ వర్కర్ ఒక్కరే మాస్టర్స్‌తో మిగిలారు. 2007లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ క్లినికల్ డీఎస్‌డబ్ల్యూని మళ్ళీ తెచ్చింది. తర్వాత మా న్యూజెర్సీలోని రట్గర్స్, ఆపైన టెనెసీ యూనివర్సిటీ, ఇంకా ఎన్నో. 1952 నుంచి సోషల్ వర్క్ చదువులకి గుర్తింపునిచ్చే కౌన్సిల్ 2020లో ప్రాక్టీసు డాక్టరేట్లకీ ప్రమాణాలు రాసింది. ఈసారి వచ్చిన డీఎస్‌డబ్ల్యూ పాతదానిలా పీహెచ్‌డీకి మారుపేరు కాదు. పనిలో ఉన్నవాళ్ళు పని మానకుండా చదివేది.

ఒక్క విషయం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పీహెచ్‌డీ విద్యార్థికి చాలాచోట్ల ఫీజు మాఫీ, నెలనెలా భత్యం ఉంటాయి. డీఎస్‌డబ్ల్యూ విద్యార్థి తన జీతంలోంచి, అప్పులోంచి కట్టుకోవాలి. సోషల్ వర్కర్ జీతమెంతో తెలిసిన దేశంలో ఇది న్యాయం కాదు. కాబట్ జేబులోంచి తీసిచ్చిన నాటికీ నేటికీ ఈ విషయంలో పెద్దగా నడిచొచ్చింది లేదు.

మన దేశం సంగతి కొంచెం చెప్పాలి. చికాగోలో డాక్టరేట్ చేసిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే మిషనరీ బొంబాయి నాగ్‌పాడా మురికివాడలో పనిచేస్తూ, 1936లో టాటా ట్రస్టు డబ్బుతో సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ మొదలుపెట్టాడు. 1944లో అది టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అయింది. 1946లో బొంబాయి జేజే ఆసుపత్రిలో మెడికల్ సోషల్ వర్కర్‌ని నియమించారు, బోస్టన్ బల్లకి నలభై ఏళ్ళ తర్వాత. డాక్టరేట్ అంటే మనకి పీహెచ్‌డీ ఒక్కటే. చికాగోలో డాక్టరేట్ చేసొచ్చిన అర్మైటీ దేశాయ్ టాటా సంస్థకి డైరెక్టరై, తర్వాత యూజీసీ చైర్‌పర్సన్ కూడా అయ్యారు. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లోని సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎంఫిల్, వార్డులో నిలబెట్టి నేర్పే చదువు, ఒక్కటే డీఎస్‌డబ్ల్యూకి కాస్త దగ్గరగా కనిపిస్తుంది నాకు.

నా విశాఖ పట్టాని అమెరికాలో ఒప్పించుకోవడానికి 2005లో ఇందాక చెప్పిన గుర్తింపు కౌన్సిల్ వాళ్ళ విభాగానికే పంపాను. సిలబస్సు కావాలన్నారు, ఫీల్డ్‌వర్క్ ఎన్ని గంటలో చెప్పమన్నారు. ఇక్కడ ఎమ్మెస్‌డబ్ల్యూకి కనీసం 900 గంటలుండాలి. మా తమ్ముడు విశాఖ వెళ్ళి మాస్టార్లని కలిసి కాగితాలు తీసుకున్నాడు, వాటితోపాటు ఇంట్లో అటకమీదున్న నా ఫీల్డ్‌వర్క్ రికార్డులు కూడా పార్సిల్ చేశాడు. నేను అడగలేదు, వాడికే తోచింది. నీలం అట్టల పుస్తకాలు నాలుగు. కొబ్బరి నూనె డబ్బా వాసన. కేజీహెచ్ వార్డు, జాలరిపేట, పదిరోజుల రూరల్ క్యాంపు, అన్నీ తేదీలతో. పక్కన ఎర్ర సిరాతో మాస్టారి ప్రశ్నలు: "ఆమె ఊరుకున్నప్పుడు నువ్వెందుకు మాట్లాడావు?" గంటలు లెక్కేస్తే చాలినన్ని వచ్చాయి.

2021లో వేరే స్కూల్లో సీటొచ్చింది. అప్లికేషన్‌కి అడిగినవి చాలాచోట్ల అడిగేవే: ఎమ్మెస్‌డబ్ల్యూ మార్కులు, ఆ తర్వాత కనీసం రెండేళ్ళ పని, మూడు సిఫారసు ఉత్తరాలు, రాత నమూనా, పర్సనల్ స్టేట్‌మెంట్. ఈసారి స్టేట్‌మెంట్‌లో కేసు తీసెయ్యలేదు. ఒక్క కేసు చెప్పి, అందులో నాకు అర్థంకాని ముడి ఏమిటో దాని కిందే రాశాను. 2019లో పదమూడు కేసులు చెప్పాను, ఒక్క ముడీ చెప్పలేదు. అంటే ఫోన్లో ఆవిడ చెప్పింది అంతా తప్పు కాదు.

తరగతిలో జైల్లో పనిచేసేవాళ్ళు, బళ్ళలో పనిచేసేవాళ్ళు, సైనికుల ఆసుపత్రివాళ్ళు. వారంలో ఒక సాయంత్రం, నెలలో ఒక శనివారం. మొదటి టర్ములో ఒక టీచరు ప్రాసెస్ రికార్డింగ్ రాసుకురమ్మన్నారు. పేషెంటుతో జరిగిన మాటలన్నీ ఒక గడిలో, ఆ క్షణంలో మనకేమనిపించిందో పక్క గడిలో. నీలం అట్టల పుస్తకాల్లో నేను ఇరవయ్యో ఏట గీసిన గడులే. నేను రాసింది ఇది.

డయాలసిస్ పేషెంట్ల బాగోగులు తెలుసుకోవడానికి కేడీక్యూఓఎల్-36 అనే కాగితం ఉంటుంది. 36 ప్రశ్నలు. ఏడాదికోసారి ప్రతివాళ్ళనీ అడగాలి. ఈ దేశంలో డయాలసిస్‌కి సోషల్ వర్కర్ ఎందుకు తప్పనిసరి అయ్యారో కూడా ఇక్కడే చెప్పాలి. 1960లలో సియాటిల్‌లో మిషన్లు తక్కువ, పేషెంట్లు ఎక్కువ. ఎవరికి మిషను ఇవ్వాలో తేల్చడానికి ఏడుగురితో కమిటీ వేశారు. పాస్టరు, లాయరు, గృహిణి, బ్యాంకరు, కార్మిక నాయకుడు, ప్రభుత్వోద్యోగి, సర్జను. పిల్లలెంతమంది, చర్చికి వెళ్తాడా, ఊళ్ళో మంచివాడేనా అని చూసి బతుకు పంచారు. 1962లో లైఫ్ పత్రిక ఈ సంగతి బయటపెడితే దేశం ఉలిక్కిపడింది. 1972 చట్టం కిడ్నీ పాడైన దాదాపు అందరినీ మెడికేర్ కిందికి తెచ్చింది. తర్వాత వచ్చిన నిబంధనల్లో ప్రతి డయాలసిస్ సెంటరుకీ మాస్టర్స్ చదివిన సోషల్ వర్కర్ ఉండాలన్నారు. మనిషి వివరాలు ఒకప్పుడు అతన్ని తీసెయ్యడానికి అడిగారు. మేము అవే వివరాలు అతన్ని నిలబెట్టడానికి అడుగుతాం.

ఆ 36లో ఒక ప్రశ్న, ఇంట్లోవాళ్ళకి బరువైపోయానని అనిపిస్తుందా అన్న అర్థం వచ్చేది. డెబ్బై దాటిన ఒక పెద్దావిడకి నేను తెలుగులో అడిగాను.

"పెద్దమ్మగారూ, మీరు మీ కుటుంబానికి భారమనిపిస్తుందా?"

ఆవిడ మొహం మారిపోయింది. "ఎవరన్నారమ్మా? మావాడన్నాడా?"

"అయ్యో లేదండీ, అందర్నీ అడిగే ప్రశ్న."

"కోడలన్నదా?"

నేను ఎంత చెప్పినా వినలేదు. సూది చెయ్యి కదపకూడదని ఆగింది గానీ లేచి వెళ్ళిపోయేది. తర్వాత నాలుగు ప్రశ్నలకీ "ఏమీ లేదు, బాగానే ఉన్నాను" అన్న జవాబే. కాగితం ప్రకారం ఆవిడకి ఏ కష్టమూ లేదు.

పక్క గడిలో నాకేమనిపించిందో రాస్తున్నప్పుడు కనపడింది నేను చేసిన తప్పు. తెలుగింట్లో భారం అనే మాట తనంతట తాను అనుకునేది కాదు, ఎవరో అనేది. నేను ప్రశ్న అడగలేదు, ఎవరి మాటో మోసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను. రెండు వారాలాగి వేరేగా అడిగాను. "పెద్దమ్మగారూ, మీరు ఇక్కడికి రావడం వల్ల ఇంట్లోవాళ్ళకి పనేమైనా పెరిగిందంటారా?"

ఆవిడ కాసేపు కిటికీకేసి చూసింది. "పనేముందమ్మా. వాడి సెలవులన్నీ నాకే అయిపోతున్నాయి. మనవరాలి గ్రాడ్యుయేషన్ మేలో. అప్పటికి వాడికి ఒక్కరోజైనా మిగలాలి కదా."

మూడేళ్ళకి పైగా జరిగిన ఈ చదువులో నా పని అంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగింది. ఆవిడ కొడుక్కి ఉద్యోగం పోకుండా సెలవు తీసుకునే చట్టం ఉందని అప్పటిదాకా తెలియదు. ఫారాలు నింపాం, పేషెంట్ల వ్యాను మాట్లాడాం, మేలో ఆయనకి రోజులు మిగిలాయి. డీఎస్‌డబ్ల్యూ చివర రాయాల్సిన క్యాప్‌స్టోన్‌లో తెలుగు పేషెంట్లని ఈ 36 ప్రశ్నలూ ఎలా అడగాలో రాస్తున్నాను. డీలా పడడం, నీరసం, ఒళ్ళు బరువెక్కడం, మనసు బాగాలేకపోవడం, ఒక్కోదానికి ఇంగ్లీషు కాగితంలో ఒక్కటే గడి. మనకి ఒక్కోదానికి మాట ఒకటి కాదు. కుర్చీ పక్కన కూర్చుని అడిగి అడిగి, పేషెంట్లు ఒప్పుకున్న మాటే పెడుతున్నాను.

ఉద్దానంలో మా బాబాయికి క్రియాటినిన్ పెరిగి ఆరేళ్ళయింది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస వైపు ఇంటికొకరు అన్నట్టుంది ఈ కిడ్నీ జబ్బు. నీళ్ళని, మందులని, ఎండని, ఎన్నో కారణాలు వెతికారు, ఒక్కటీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో పెద్ద కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. అంతకుముందు విశాఖ పరుగెత్తేవాళ్ళు. ఫోన్లో నేను బాబాయిని కూడా అడిగాను, నా కాగితంలోని ప్రశ్నల్లాగే. "ఎందుకమ్మా ఇవన్నీ" అంటూనే చెప్పాడు. పెరట్లో రెండు కొబ్బరిచెట్లు తను ఎక్కలేకపోతున్నానన్నాడు. ఎక్కేవాడికి కాయకింతని ఇవ్వాల్సి రావడం తనకి బాధట. ఆ జవాబుకి నా 36లో ఏ గడీ సరిపోలేదు. దాన్ని విడిగా రాసుకున్నాను.

'భారం' ప్రశ్నకి నా దగ్గర ఇప్పుడు మూడు మాటలున్నాయి. మొదటిది పని పెరగడం. రెండోది ఇంట్లోవాళ్ళు మీకోసం మానుకున్నవి ఏమైనా ఉన్నాయా అని. మూడోది ఒక పేషెంటు భార్య చెప్పింది: "ఆయన్ని నా గురించి అడగండి, తన గురించి చెప్తాడు." అంటే, ఈ జబ్బొచ్చాక మీ ఆవిడకి ఏది కష్టంగా ఉంది అని అడగడం. పోయిన వారం సోంపేట వైపు నుంచి ఒకాయన కొత్తగా మా సెంటర్లో చేరారు, కూతురి దగ్గరుంటున్నారు. మంగళ, గురు, శనివారాలు, ఆరో కుర్చీ. మంగళవారం ఆయన్ని మూడో మాటతో అడగాలి.